వాడు ఎక్కడ పడుకుంటాడు?

పొద్దున్నే క్యాంపస్ రోడ్డు మీద నడుస్తుంటే వెనకనుంచి వచ్చే మోటార్‌సైకిల్ చప్పుడు ఒక్కసారిగా సన్నబడుతుంది. బండి నెమ్మదించిందని చెవికి తెలుస్తుంది. నా ముందు నడుస్తున్న ఆడవాళ్ళ చేతులు వాటంతట అవే మెడలోని గొలుసు దగ్గరికి పోతాయి. మాట్లాడుతున్నామె ఫోనును కొంగు కిందికి లాక్కుంటుంది. తిరిగి చూస్తే ఎవరో హాస్టల్ పిల్లవాడు, చెట్టు కింద నిలబడ్డ స్నేహితుణ్ణి ఎక్కించుకోవడానికి ఆగాడు, అంతే. చేతులు కిందికి దిగుతాయి, నడక సాగుతుంది. నాకు మాత్రం ఆ చప్పుడు చాలాసేపు చెవిలో ఉండిపోతుంది. నా మనుమడు అలాంటి బండిని అలాగే నెమ్మది చేసిన రోడ్డు ఇది. ఆ సంగతి తలపుకు వచ్చినప్పుడల్లా, వాడి పక్కన గొడుగు పట్టుకుని నడిచిన ఎస్తేరు మేడమ్ కూడా వచ్చి నిలబడతారు.

ఆమెను ఎరగనివాళ్ళకు ముందు ఆమె ఎవరో చెప్పాలి. పొట్టి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, గంజి పెట్టిన నేత చీర, ఎండ ఉన్నా లేకున్నా చేతిలో నల్ల గొడుగు. రేపల్లె వైపు పల్లెటూరు వాళ్ళది. తండ్రి చర్చిలో పాస్టరు. చదువు కోసం హైదరాబాదు వచ్చి, ఉద్యోగం దొరికాక ఇక్కడే ఉండిపోయారు. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగం ప్రొబేషన్ ఆఫీసరు. ఆ మాటకు అర్థం తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలు నేరం చేసి పట్టుబడితే వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఎలా పెరిగారో, ఎవరు చూసుకున్నారో కనుక్కుని, వాళ్ళ కేసు వినే బోర్డుకు చెప్పడం ఆమె పని. నేను యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్సులో కూరగాయలు తరిగేదాన్ని. గంటల తరబడి నిలబడే ఓపిక పోయాక అది మానేసి తార్నాకలో మేడమ్ ఇంట్లో వంటకు కుదిరాను. లాలాపేట నుంచి నడిచే వచ్చేదాన్ని. కాళ్ళున్నంతవరకు ఆటో ఎక్కడం నాకు నచ్చదు.

మొదటి వారమే ఇద్దరికీ పడలేదు. మేడమ్ టీ సగం తాగి, ఏదో ఆలోచనలో పడి, కప్పు అక్కడే వదిలేసేవారు. నేను ఆ సగాన్ని వేడి చేసి మళ్ళీ ఆమె ముందు పెట్టేదాన్ని.

"ఏంటి యాదమ్మా, ఇది పొద్దుటి టీయేనా?"

"పాలు పోసిన టీ మేడమ్. పారబోయనీకి చేతులు రావు."

"నీ దగ్గర ఉల్లిపాయ పొట్టుకు కూడా సెలవు దొరకదమ్మా" అని నవ్వుతూ ఆ టీ తాగేసేవారు.

నేను కటువైన మనిషిని. పెనిమిటి పోయాక కొడుకును, బిడ్డను బెత్తంతోనే పెంచాను. దొంగతనం చేసినవాణ్ణి నలుగురి ముందు కొడితే ఐదోవాడు చెయ్యడని నా నమ్మకం. మేడమ్ ఇంటికి వచ్చి, పేరు చెప్పకుండా, ఆ రోజు చూసిన పిల్లవాడి గురించి తనలో తాను మాట్లాడుకున్నట్టు మాట్లాడేవారు. వాళ్ళను ఉంచిన చోట అన్నం సరిగ్గా పెట్టడం లేదని బాధపడేవారు. నాకు ఒళ్ళు మండేది. "గసొంటోళ్ళకు అన్నం పెట్టుడేంది మేడమ్? రెండు పూటలు పస్తులుంచితే బుద్ధొస్తది" అనేదాన్ని. ఆమె కోప్పడేవారు కాదు. "పస్తులుండి ఉండే వచ్చారు యాదమ్మా అక్కడికి" అనేవారు. నేను గిన్నెలు గట్టిగా తోమేదాన్ని. మా వాదనలన్నీ అలా గిన్నెల చప్పుడుతో ముగిసేవి.

ఒకసారి లాలాపేటలో ఒక ఇల్లు దొరకక, దారి చూపించమని నన్ను వెంట తీసుకెళ్ళారు. ఆగి ఉన్న ఆటోల నుంచి బ్యాటరీలు విప్పుకుపోయిన పిల్లవాడి ఇల్లు అది. ఒకటే గది. తల్లి, మారుతండ్రి, వాళ్ళకు పుట్టిన చిన్నపిల్లలు. మేము గుమ్మంలోకి రాగానే తల్లి ఏడవడానికి సిద్ధమైపోయింది. మేడమ్ కేసు మాటే ఎత్తలేదు. "కొంచెం మంచినీళ్ళిస్తావా అమ్మా?" అని, చాప మీద కూర్చున్నారు. తల్లి గిలాస కడిగింది, తుడిచింది, మళ్ళీ కడిగింది. మేడమ్ తొందరపడకుండా మొత్తం తాగారు. ఆ నీళ్ళు అయ్యేసరికి తల్లి కూడా వచ్చి చాప అంచున కూర్చుంది. పోలీసులు ఎవరూ ఆ ఇంట్లో నీళ్ళు అడిగి ఉండరు.

తర్వాత మేడమ్ మొదట అడిగింది ఇదే. "వాడు ఎక్కడ పడుకుంటాడు?"

తల్లి మంచం వైపు చూపించింది. కాదని మూల చూపించింది. చివరికి గొంతు తగ్గించి, పక్కింటి డాబా వైపు చూపిస్తూ, "ఎండకాలం బంగ్లా మీద పండుతడు మేడమ్. వానకాలం ఎవరిదన్న ఆటోల" అంది. బట్టలు ఎక్కడ పెట్టుకుంటాడని అడిగారు. నేనూ గోడ వైపు చూశాను. గోడకు వరసగా మేకులు. ఒకదానికి తల్లి చీరలు, ఒకదానికి మారుతండ్రి చొక్కాలు, కిందగా కొట్టినవాటికి చిన్నపిల్లల బడి సంచులు. పెద్దవాడి బట్టలు మంచం కింద ఒక ప్లాస్టిక్ కవర్లో మూటగా ఉన్నాయి.

తిరిగి వస్తుంటే దారిలో మేడమ్ అన్నారు, "చూశావా, ఆ గోడకు అందరి మేకులూ ఉన్నాయి. వాడిది లేదు."

"మేకు లేకుంటే బ్యాటరీలు ఎత్తుకపోతరా మేడమ్? మా చిన్నప్పుడు మాకు గోడనే లేకుండె, తడకలే."

ఆమె రోడ్డు మీదే ఆగి నవ్వారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఈసారి నవ్వకుండా చెప్పారు. "లేనివాళ్ళంతా దొంగలవుతారని నేననను. ఇంట్లో చోటు లేని పిల్లాడికి బయట చోటిస్తానని ఎవడో ఒకడు వస్తాడు యాదమ్మా. వాడు మేస్త్రీ అయితే పిల్లాడు పని నేర్చుకుంటాడు. బ్యాటరీలు కొనేవాడైతే ఇదిగో, ఇలా అవుతుంది. ఎవడు ముందు వస్తాడో మన చేతుల్లో లేదు. ఇంట్లో చోటు మాత్రం మన చేతుల్లోనే ఉంది."

అది పరాయివాళ్ళ ఇంటి సంగతి కాబట్టి వినడానికి బాగానే ఉండింది.

నా కొడుకు నర్సింగ్ కారు నడుపుతాడు. కోడలు మందుల ప్యాకింగ్ పనికి పోతుంది. వాళ్ళ కొడుకు సాయి. తొమ్మిదో తరగతిలో వాడికి మార్కులు తక్కువ వచ్చాయి. స్కూలువాళ్ళు నర్సింగ్‌ను పిలిచి, పదిలో తప్పితే మా రిజల్ట్ పాడవుతుంది, వేరే చోట చేర్పించుకోండి అన్నారు. వేరే చోట చేర్పించడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. అదే సమయంలో కోడలి తమ్ముడు పని వెతుక్కుంటూ ఊరి నుంచి పెళ్ళాం పిల్లలతో మా ఇంట్లో దిగాడు. రెండు గదుల ఇల్లు. సాయి పడుకునే చోట వాళ్ళ పిల్లలు పడుకున్నారు. వాడు అదే గల్లీలో ఉండే హరీష్‌తో తిరగడం మొదలుపెట్టాడు. హరీష్‌కు తల్లి లేదు. మేనమామ ఇంట్లో ఉండేవాడు, అక్కడా వాడు లెక్కలో లేనివాడే. ఇద్దరికీ తిరగడానికి బండి ఇచ్చినవాడు ఒకడు దొరికాడు. వాణ్ణి వీళ్ళు "అన్న" అనేవాళ్ళు.

ఆ రోజు మేడమ్ ఇంట్లో పని చేస్తున్నాను. అప్పటికి ఆమె రిటైరయ్యారు. వంటింట్లోకి వచ్చి నిలబడి నన్నే చూస్తున్నారు.

"యాదమ్మా, ఇప్పుడు నువ్వు సగం కప్పు టీ పారబోశావు. ఏం జరిగింది?"

అప్పుడు చెప్పాను. ముందు రోజు పొద్దున క్యాంపస్ రోడ్డు మీద సాయి బండి నడిపాడు. వెనక కూర్చున్న హరీష్ నడుస్తున్న ఒకామె చేతిలో నుంచి ఫోను లాక్కున్నాడు. అక్కడి కెమెరాలో బండి కనిపించిందట. గల్లీలో పోలీసులు అడుగుతున్నారని తెలిసి నర్సింగ్ సాయంత్రమే సాయిని గోల్నాకలో నా బిడ్డ ఇంటికి తీసుకుపోయి దాచి వచ్చాడు. గొడవ సల్లబడ్డాక తోల్కొస్తా అన్నాడు.

మేడమ్ గొడుగు తీసుకున్నారు. "చెప్పులేసుకో. నర్సింగ్‌కు ఫోను చెయ్యి."

నర్సింగ్ ఫోనులోనే ఏడ్చాడు. "మేడమ్, మీ కాల్మొక్త, పోలీసోళ్ళు కొడ్తరు. చిన్న పోరడు."

"నేను వాడి పక్కన నిలబడతాను, కొట్టనివ్వను. నువ్వూ రా. ప్రేమతోనే దాచావయ్యా, కాదనను. కానీ నువ్వు దాచినప్పటి నుంచి వాడు పారిపోయినవాడయ్యాడు. నిన్నటిదాకా వాడు చేసింది ఒక తప్పు. ఇప్పుడు దాక్కోవడం కూడా నేర్పుతున్నావు."

మా బస్తీల్లో అందరం చేసే పని ఇదే. పిల్లవాడు ఏదైనా చేశాడని తెలిస్తే తిడతాం, కొడతాం, తర్వాత అత్త ఇంటికో, పెద్దమ్మ ఊరికో పంపేస్తాం. నలుగురూ మరిచిపోయాక పిలిపిస్తాం. వాణ్ణి కాపాడుకున్నామనే అనుకుంటాం. ఆ రోజు గోల్నాక పోయేదాకా నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు.

నా బిడ్డ ఇంట్లో పట్టపగలు కిటికీలు మూసి, టీవీ గట్టిగా పెట్టి ఉంది. సాయి బీరువా పక్క సందులో మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. మేడమ్ అక్కడ కూడా మంచినీళ్ళు అడిగారు. తాగి, టీవీ ఆపించి, వాడికి ఎదురుగా కింద కూర్చున్నారు.

"ఎందుకు చేశావని అడగను సాయీ. బండి ఎవరిది?"

"అన్నది."

"ఆ అన్న ఏమన్నాడు?"

"మైనర్‌వి కదరా, నీకేం కాదు, దొరికినా తెల్లారి బయటికొస్తవ్ అన్నడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఫోన్ ఎత్తుతలేడు."

"సరే. ఆమె ఎలా ఉందో తెలుసా?"

"ఎవరు?"

"ఫోను పోగొట్టుకున్నామె. పేవ్‌మెంటు అంచు మీద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఉంది." దారిలో వస్తూ ఎవరికో ఫోను చేసి కనుక్కున్నారు మేడమ్.

సాయి తల ఎత్తాడు. "పడ్డదా? మేము ఎన్కకు చూడలె మేడమ్."

నాకు రక్తం తలకెక్కింది. చెయ్యెత్తి మీదికి పోయాను. మేడమ్ నా వైపు తిరగకుండానే అన్నారు, "చెయ్యి దించు యాదమ్మా. వాడు ఇప్పుడే వెనక్కి చూస్తున్నాడు. చూడనివ్వు."

వాడు చూశాడు. చెవులు రెండు చేతులతో మూసుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ లాగకుండానే లేచి చెప్పులు వేసుకున్నాడు.

పోలీస్ స్టేషన్ ఉన్న వీధిలో నర్సింగ్ వాడి రెట్ట పట్టుకోబోయాడు. మేడమ్ వద్దన్నారు. దొంగను తీసుకుపోయినట్టు పోవద్దు, ఒకసారి వీధి వాడికి ఆ పేరు పెట్టిందంటే వాడు ఇంకో పేరుకు పలకడు అన్నారు. తన గొడుగు వాడి తల మీదికి కూడా వచ్చేలా పట్టుకుని నడిచారు. పొట్టి మనిషి, వాడు ఆమెకంటే పొడుగు. చెయ్యి బాగా ఎత్తి పట్టుకోవాల్సి వచ్చింది. తెలిసినాయన ఎవరో ఎదురై, "ఎటు పోతున్నరు మేడమ్, అందరు కలిసి?" అని అడిగాడు. "పని మీద వెళ్తున్నామయ్యా" అన్నారు. అబద్ధమేమీ చెప్పలేదు.

హరీష్ కోసం కూడా ఆమె అదే రోజు వెళ్ళారు. మేనమామ గుమ్మంలోనే నిలబడి, "మా పిలగాడు ఊర్లె లేడు మేడమ్, ఎప్పుడో పోయిండు" అన్నాడు. జహీరాబాద్ అవతల రాళ్ళ క్వారీలో చుట్టపాయన ఉంటే అక్కడికి పంపేశాడని మాకు తర్వాత తెలిసింది. మేడమ్ ఎంతో చెప్పి చూశారు. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. నీళ్ళు అడిగితే, తేవడానికి లోపలికి వెళ్ళినవాడు బయటికి రాలేదు. అంత చిన్నబోయిన ముఖంతో ఆమెను నేను అంతకుముందు చూడలేదు.

సాయి దాక్కోకుండా తనే వచ్చాడని, ఇంట్లో పెద్దవాళ్ళు వెంట ఉన్నారని చూసి, బోర్డువాళ్ళు వాణ్ణి మా పూచీ మీద ఇంటికి పంపారు. నెలనెలా ఆఫీసులో కనిపించాలన్నారు. నేను గండం గడిచిందనుకున్నాను. మేడమ్ మాత్రం ఆ వారమే మా ఇంటికి వచ్చారు. నాకు తెలుసు ఏం అడుగుతారో. నీళ్ళు నేనే ముందుగా తెచ్చి ఇచ్చాను. ఆమె తాగి, గిలాస కింద పెట్టి, మా అందరి ముఖాలూ చూసి ఆ మాటే అడిగారు. కోడలు తలుపు వెనక్కి జరిగింది. కోడలి తమ్ముడు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి సాయే చెప్పాడు, "దోస్తు వాళ్ళ బంగ్లా మీద మేడమ్" అని. దోస్తు అంటే హరీష్. ఆ మాట విన్నాక ఆ ఇంట్లో మా అందరికంటే చిన్నగా కనిపించినవాడు నర్సింగ్. కోడలి తమ్ముడు నెల తిరగకముందే బౌద్ధనగర్‌లో గది చూసుకున్నాడు. మళ్ళీ వచ్చినప్పుడు మేడమ్ తన సంచిలోంచి ఒక మేకు తీసి, "సుత్తి ఉందా నర్సింగ్?" అని అడిగారు. నేను, "గోడ పాడైతది మేడమ్" అన్నాను. "పాడైతే కానివ్వు" అన్నారు.

ఆ తర్వాత ఆమె చేసిన పని నాకు అప్పుడు క్రూరంగా తోచింది. పడిపోయినామె ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చారని తెలిసి, ఆమెను అడిగి, ఒప్పుకున్నాక, సాయినీ నన్నూ అక్కడికి తీసుకుపోయారు. తార్నాకలోనే ఇల్లు. రిటైరైన లెక్చరరమ్మ. ఒంటరి మనిషి. వాకర్ పట్టుకుని ముందు గదిలో కూర్చుని ఉన్నారు. సాయి కాళ్ళ మీద పడబోయాడు. ఆమె వద్దని చెయ్యి అడ్డం పెట్టారు.

"కాళ్ళ మీద పడకు బాబూ, నా కాళ్ళు బాగాలేవు. కూర్చో. మా ఆయన పోయాక ఇల్లు కదలడం మానేశాను. డాక్టరు బలవంతం మీద నడక మొదలుపెట్టాను. ఆ రోడ్డు మీద నడిచేటప్పుడు ఊళ్ళో ఉన్న చెల్లెలితో మాట్లాడుకునేదాన్ని. రోజంతా నేను మాట్లాడేది ఆ కాసేపే. ఇప్పుడు కిటికీ దాకా పోవాలన్నా భయం. ఫోను మోగితే భయం." వాకర్‌ను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. "నిన్ను క్షమించానని చెప్పలేను. నాకింకా రాలేదు ఆ మనసు. నువ్వు వచ్చావు, చూశాను. అంతే."

బయటికి వచ్చాక సాయి గేటు పట్టుకుని నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నేను కొట్టిన ఏ దెబ్బకూ వాడు అలా ఏడవలేదు. "ఆ పెద్దమ్మ తిట్టినా బాగుండు మేడమ్" అన్నాడు. మేడమ్ వాణ్ణి ఓదార్చలేదు. "శిక్ష వద్దని నేను ఎప్పుడూ అనలేదు యాదమ్మా" అని నాతో మాత్రం అన్నారు. "శిక్ష అయ్యాక వాడు తిరిగి రావడానికి ఒక ఇల్లుండాలంటున్నాను." సాయి బడికి పోకుండానే పదో తరగతి పరీక్ష కట్టాడు, ఎలాగో గట్టెక్కాడు. తర్వాత ఏసీలు బాగుచేసే ఒకాయన దగ్గర పనికి కుదిరాడు. లెక్చరరమ్మ ఇంట్లో ఏసీ పాడైతే పిలవమని కబురు పెట్టాడు. ఆమె ఎన్నడూ పిలవలేదు. బండి ఇచ్చిన అన్నను ఎవరూ పట్టుకోలేదు. అలాంటివాడు ఎప్పుడూ వెనకే ఉంటాడు, ముందు పిల్లలే ఉంటారు.

హరీష్ క్వారీలో నెలల తరబడి ఉన్నాడు. అక్కడ రాళ్ళతోపాటు దొంగసరుకు మొయ్యడం కూడా నేర్చుకున్నాడని విన్నాం. పోలీసులు పట్టుకువచ్చేసరికి వాడు పారిపోయిన మనిషి. పిల్లలను ఉంచే హోమ్‌లో పెట్టారు. విచారణ రోజున మేనమామ రాలేదు. వరండాలో బెంచీల మీద అందరి పిల్లల వెనక తల్లో తండ్రో కూర్చుని ఉంటే, వాడి వెనక మేడమ్ కూర్చున్నారు. పంపిస్తామంటే తీసుకుపోయేవాళ్ళు లేరు. "మా ఇంట్ల ఆడపిల్లలున్నరు మేడమ్, నేను తీసుకపోను" అని మేనమామ తేల్చేశాడు. మేడమ్ తనకు తెలిసిన చర్చి హాస్టళ్ళన్నీ తిరిగారు. కేసున్న పిల్లవాడంటే ఎక్కడా గేటు తెరుచుకోలేదు. ఆమె నన్ను అడగలేదు. నా ఇంట్లో ఎంత చోటుందో ఆమెకు తెలుసు. చివరికి వెల్డింగ్ నేర్పే చోట ఒక సీటు సంపాదించి, వాణ్ణి అక్కడ చేర్పించి, ఆదివారం ఆదివారం వెళ్ళి చూసి వచ్చేవారు. నేను చేసిన పులిహోర పట్టుకుపోయేవారు. "ఆ పోరనికి గింత పులిహోరనా, ఆ డబ్బా వాపస్ తేవాలె మేడమ్" అని నేను సణిగేదాన్ని. ఆమె మరిచిపోకుండా డబ్బా తెచ్చేవారు.

అలా కొన్నాళ్ళు నడిచింది. ఆ తర్వాత మేడమ్‌కు కడుపులో నొప్పి మొదలైంది. పరీక్షలు, ఆసుపత్రులు, మళ్ళీ పరీక్షలు. ఆదివారాలు తప్పాయి. హరీష్ కొన్ని వారాలు ఎదురుచూశాడట, ఎవరూ రాకపోయేసరికి గోడ దూకి పోయాడట. ఆసుపత్రి మంచం మీద ఆమె రేపల్లె నుంచి వచ్చిన అన్న పిల్లలతో మాట్లాడుతూనే మధ్యలో నన్ను పిలిచి, "హరీష్ సంగతి ఏమైనా తెలిసిందా?" అని అడిగేవారు. తెలియదు మేడమ్ అనేదాన్ని. నిజంగానే నాకు తెలియదు. ఆమె కళ్ళు మూసుకునేవారు. "వాడికి చెప్పాలి, నేను రాలేకపోయానని. రాననుకుంటాడు" అన్నారు ఒకసారి. ఆమె పోయిన రోజు పని వదిలేసి వచ్చిన సాయి శవపెట్టె మోసినవాళ్ళలో ఉన్నాడు. వాన పడుతోంది. ఎవరో పెట్టె మీదికి గొడుగు పట్టారు.

మా బస్తీలో ఇప్పుడు ప్రతి మూలకూ కెమెరాలున్నాయి. మంచిదే. పిల్లవాడు తప్పు చేస్తే ఆ కెమెరా చూపిస్తుంది. తప్పు చెయ్యకముందు వాడు నెలల తరబడి ఆ మూల మీదే నిలబడ్డప్పుడు, బడికి పోలేదేమని అడగడం దానికి రాదు. అది అడగవలసినవాళ్ళం మనుషులమే. పిల్లవాడు తప్పితే బడి పేరు పోతుందని బయటికి పంపే పంతుళ్ళకూ, ఇరుకని మంచం బయట వేసే ఇంటివాళ్ళకూ, పరువు పోతుందని దాచిపెట్టే మేనమామలకూ ఈ మాట చెబుతూనే ఉంటాను. కొందరు వింటారు. కొందరు "నీకెందుకే ముసలమ్మా" అంటారు. గల్లీలో ఏ పిల్లవాడైనా పనివేళ ఊరికే తిరుగుతుంటే వాళ్ళింటికి పోయి నీళ్ళు అడుగుతాను. ఆ తర్వాతి మాట అడగడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అయినా అడుగుతాను.

హరీష్ ఎక్కడున్నాడో సాయే కనుక్కుని చెప్పాడు. పద్దెనిమిది దాటాక ఒక గొలుసు దొంగతనంలో కత్తి తీశాడు. అడ్డం వచ్చిన మనిషి బతకలేదు. జైల్లో ఉన్నాడు. ఆ చచ్చిపోయినాయనకు చిన్నపిల్లలున్నారని విన్నప్పుడు రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. హరీష్ పేరు ఎత్తితే సాయిని కసిరాను. ఆ తర్వాత మేడమ్ ఆసుపత్రిలో అన్న మాట నన్ను వదలలేదు. ఆమె చెప్పమన్న మాట వాడికి చెప్పడానికి నేను తప్ప లోకంలో ఇక ఎవరూ లేరు. జైల్లో ఉన్నవాళ్ళను కలవనిచ్చే ములాఖత్ రోజు కనుక్కుని పోయాను.

ఇనుప జాలీ అవతల నిలబడ్డ మనిషిని నేను గుర్తుపట్టలేదు. వాడే పట్టాడు. "సాయి వాళ్ళ నానమ్మవా? సాయికేమన్న అయ్యిందా?"

"ఏం కాలె. పని చేసుకుంటుండు."

"మేడమ్ రాలేదా?"

"మేడమ్ లేదు బిడ్డా. కాన్సర్ వచ్చి పోయింది. నువ్వు ఆడి నుంచి గోడ దుంకిపోయినప్పుడు ఆమె ఆసుపత్రిల ఉండె. రానీకి కాలు కదలకపాయె. నీకు చెప్పుమన్నది."

వాడు జాలీలోంచి వేళ్ళు దూర్చి పట్టుకున్నాడు. "అందుకే రాలేదా. నా మీద కోపమొచ్చి ఇడిసిపెట్టింది అనుకున్న."

"కోపం నాకున్నది" అన్నాను. "ఆ మనిషి పిల్లలు ఎట్ల బతుకుతరో ఎన్నడన్న అనుకున్నవా?"

"అనుకుంట అవ్వా. గదొక్కటే అనుకుంట."

వాడు చేసినదాన్ని నేను క్షమించలేదు. క్షమించడం నా పని కాదు కూడా. అయినా నెలకొకసారి పోతున్నాను. ఆటో ఎక్కే పోతున్నాను. గేటు దగ్గర పేరు రాసుకునే అతను ప్రతిసారీ తల ఎత్తకుండా అదే అడుగుతాడు, "ఏమైతడమ్మా నీకు?" మొదటిసారి ఏం చెప్పాలో తోచక వెనకున్న వరస అంతా ఆగిపోయింది. ఇప్పుడు తడబడను.

"మా పోరడు" అంటాను.

"గట్ల రాయరాదమ్మా. కొడుకా, మనుమడా?"

"నీకు ఏది రాయొస్తే అది రాస్కో బిడ్డా. మల్ల నెల గూడ నేనే వస్త."